చెయ్యి నొప్పెట్టిన గూఢచారి

ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన 'గోల్డ్‌ఫింగర్' నవల (1959) మొదట్లో జేమ్స్ బాండ్ ఏ సాహసమూ చెయ్యడు. మయామీ ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని మందు తాగుతుంటాడు, అంతే. అంతకు ముందే మెక్సికోలో ఒకణ్ణి చంపి వచ్చాడు. వాడు బాండ్‌ని చంపడానికి వచ్చినవాడే. కత్తి తీశాడు, బాండ్ ఒట్టి చేత్తో కొట్టాడు, వాడు పోయాడు. ఇప్పుడు బాండ్ కుడిచేతి అంచు ఎర్రగా వాచింది. ఎడమచేత్తో దాన్ని నలుపుకుంటూ, ఒక మనిషి ఉండటానికీ లేకపోవటానికీ మధ్య ఉన్న ఆ ఒక్క క్షణం గురించి ఆలోచిస్తూ, ఇంకో గ్లాసు తెప్పించుకుంటాడు.

అదే పేరుతో వచ్చిన సినిమా (1964) కూడా ఒక చావుతోనే మొదలవుతుంది. షాన్ కానరీ నీళ్లలోంచి లేచి వస్తాడు, తల మీద బొమ్మ పక్షి. బాంబు పెడతాడు, తడిబట్టలు విప్పితే లోపల తెల్ల సూటు. ఒక డాన్సర్ని ముద్దు పెట్టుకోబోతుంటే, వెనకనుంచి వస్తున్నవాడు ఆమె కంటిపాపలో కనిపిస్తాడు. కొట్లాట. వాడు నీళ్లతొట్టిలో పడతాడు, బాండ్ కరెంటు హీటర్ అందులోకి తోసేస్తాడు. షాక్ అనే మాట మీద ఒక చిన్న జోకేసి తలుపేసుకుని వెళ్లిపోతాడు.

నేను ముందు సినిమా చూశాను. ఇంజనీరింగ్ హాస్టల్లో, ఎవరి హార్డ్ డిస్క్‌లోంచో కాపీ అయి తిరుగుతున్న ప్రింటు. ఆ జోక్‌కి రూమంతా నవ్వాం. పదేళ్ల తర్వాత బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ నవల కొనుక్కుని మొదటి చాప్టర్ చదివినప్పుడు కొంచెం సిగ్గేసింది. ఆ వాచిన చెయ్యి ఎటు పోయింది? పుస్తకం నుంచి తెర మీదకి వచ్చే దారిలో ఎవరు దానికి మందు రాశారు?

అప్పటినుంచి ఈ సిరీస్‌లో ఏ పుస్తకం చదివినా దాని సినిమా పక్కన పెట్టుకుని చూడటం అలవాటైంది. సరదాకే మొదలైంది. మధ్యలో నా సొంత వ్యవహారం ఒకటి వచ్చి పడింది, దాని గురించి తర్వాత.

*

మా ఊరు లేపాక్షి. ఇక్కడ గూఢచారి అంటే బాండ్ కాదు, కృష్ణ. మా మేనమామకి ఊరి బయట రెండెకరాల మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాడు. పురుగు నాలుగో జ్వరం దాటాక రాక్షసుల్లా తింటాయి, అర్ధరాత్రి లేచి ఆకు వెయ్యాలి. ఆ రాత్రుల్లో మెలకువగా ఉండటానికి ఆయన చదివినవన్నీ మధుబాబు షాడో నవలలు. హిందూపురంలో అద్దెకి తెచ్చుకునేవాడు. షెడ్డులో బల్బు కింద షాడో, కులకర్ణి, గంగారాం, శ్రీకర్. చుట్టూ తట్టల్లో పురుగులు ఆకు నమిలే చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు. నాకు తెలుగులో వేగంగా చదవడం ఆ షెడ్డులోనే వచ్చింది. అంతకు ముందు తరం కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్నీ, అతని అసిస్టెంట్ రాజునీ చదివింది. వాటి అట్టలు చిరిగిన కాపీలు కూడా అక్కడే చూశాను.

కానీ మన తొలి తెర గూఢచారి ఈ పుస్తకాల్లోంచి రాలేదు. 1966లో వచ్చిన 'గూఢచారి 116' వెనక ఉన్నది ఒక ఫ్రెంచి వంశవృక్షం. జీన్ బ్రూస్ అనే రచయిత ఓఎస్ఎస్ 117 పేరుతో 1949లో ఒక సిరీస్ మొదలుపెట్టాడు, అంటే బాండ్ తొలి నవలకి నాలుగేళ్ల ముందే. ఆయన 1963లో కారు ప్రమాదంలో పోతే భార్య జోసెట్ ఆ సిరీస్ కొనసాగించింది. ఆ నవలల్లో ఒకదాని పేరులోనే కలకత్తా ఉంది. దాన్ని ఆంద్రే యునెబెల్ 1964లో సినిమా తీస్తూ కథని బ్యాంకాక్‌కి మార్చాడు. ఆ సినిమా ప్రేరణతో మద్రాసులో డూండీ, సుందర్‌లాల్ నహతా నిర్మాతలుగా, మల్లికార్జునరావు దర్శకత్వంలో మన 116 పుట్టాడు. కలకత్తా పేరుతో బయల్దేరిన కథ పారిస్, బ్యాంకాక్ తిరిగి మళ్లీ బంగాళాఖాతం ఒడ్డుకే చేరిందన్నమాట. పనిలో పనిగా దానికి మాటలు రాసింది ఆరుద్ర. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే. ఒక చేత్తో సాహిత్య చరిత్ర, ఇంకో చేత్తో గూఢచారి. అలాంటి మనుషులు ఇప్పుడు లేరు.

ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. ఆ సినిమాకి కెమెరా రవికాంత్ నగాయిచ్. 'సీతారామ కళ్యాణం'లో రావణుడి పది తలలు చూపించిన ట్రిక్ ఫోటోగ్రఫీ ఆయనదే. మరుసటేడు ఆయనే ఈ కథని హిందీలో 'ఫర్జ్' పేరుతో డైరెక్ట్ చేశాడు, జితేంద్ర స్టారయ్యాడు. పదేళ్లు దాటాక మిథున్ చక్రవర్తితో 'సురక్షా' తీసిందీ ఆయనే. హిందీ గూఢచారి సినిమాకి మన కెమెరా వెనక నిలబడ్డవాడే మేస్త్రీ.

సరే. గూఢచారి 116లో ముందు ఏజెంట్ 303 హతమవుతాడు (శోభన్ బాబు, కాసేపే కనిపిస్తాడు). ఆ కేసు 116కి, అంటే గోపీకి, కృష్ణకి వస్తుంది. ఇక పరుగులు, పాటలు, జయలలిత. చూడటానికి ఇప్పటికీ హుషారుగానే ఉంటుంది. నేను అందులో వెతుకుతున్నది మాత్రం వాచిన చెయ్యి. అది అక్కడ లేదు, ఉండే వీలూ లేదు. ఎందుకంటే ఇది నవల నుంచి తీసిన సినిమా కాదు, సినిమా నుంచి తీసిన సినిమా. నవలలో మనిషి లోపల నడిచేది మొదటి సినిమాకే రాలిపోతుంది. రెండో సినిమాకి అసలు అలాంటిదొకటి ఉండొచ్చన్న సంగతి కూడా తెలియదు. పైగా తర్వాతి సీన్లో పాట పాడాల్సినవాడికి చెయ్యి నొప్పి పెడితే ఎలా?

ఇలా ఆలోచించి నేనొక తీర్మానానికి వచ్చేశాను. పుస్తకం నీతి గలది, సినిమా నీతి లేనిది. పుస్తకం చావు బరువు తెలిసి రాస్తుంది, సినిమా ఆ బరువు దించేసి మనకి టికెట్ అమ్ముతుంది. ఇలాగే ఒక వ్యాసం కూడా సగం రాసుకున్నాను. తర్వాత చదివినవి ఒక్కొక్కటీ ఆ తీర్మానాన్ని కొరుక్కుతినడం మొదలుపెట్టాయి.

*

'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' అని 1960లో వచ్చిన కథ ఒకటుంది. జమైకాలో హేవ్‌లాక్ దంపతులు ఇల్లు అమ్మనన్నందుకు హత్యకు గురవుతారు. చేయించినవాడు వాన్ హ్యామర్‌స్టైన్ అనే పాత గెస్టపో మనిషి, ఇప్పుడు అమెరికాలో వెర్మాంట్ కొండల్లో దాక్కున్నాడు. చట్టం అక్కడికి చేరదు. బాండ్ పైఅధికారి ఎం, ఆ హేవ్‌లాక్ పెళ్లిలో పక్కన నిలబడ్డ స్నేహితుడు. ఇదీ చిక్కు. వాన్ హ్యామర్‌స్టైన్‌ని చంపించాలని ఆయనకి ఉంది. కానీ అది దేశం పనా, సొంత పగా? తేల్చుకోలేక బాండ్‌ని పిలుస్తాడు. ఆర్డర్ వెయ్యడు. చుట్టూ తిప్పి మాట్లాడతాడు. నువ్వైతే ఏం చేస్తావని అడుగుతాడు.

బాండ్‌కి అర్థమవుతుంది. పెద్దాయన ఈ బరువు ఒక్కడే మొయ్యలేకపోతున్నాడు, తను కాస్త భుజం ఇస్తే సరిపోతుంది. అందుకని వాళ్లకి శిక్ష పడాల్సిందేనని, తనకైతే సందేహం లేదని అంటాడు. పని తేలికైపోతుంది.

ఫ్లెమింగ్ రాసినవాటిలో నాకు ఇంతకంటే భయం పుట్టించే సీన్ లేదు. తుపాకీ లేదు, సొరచేపలు లేవు. ఒక ఆఫీసు గది, ఇద్దరు మర్యాదస్తులు. ఒకడు ఆర్డర్ వెయ్యకుండా వేశాడు, రెండోవాడు అడగకుండానే ఒప్పుకున్నాడు. రేపు ఎవరైనా వచ్చి ఈ చావుకి బాధ్యులెవరని అడిగితే ఇద్దరూ నిజాయితీగానే ఎదుటివాణ్ణి చూపించొచ్చు.

1981లో ఇదే పేరుతో సినిమా వచ్చింది. కథ గ్రీసుకి మారింది. ఈ సీన్ అందులో లేదు. అసలు ఆ సినిమాలో ఎం పాత్రే లేదు. ఆ పాత్ర మొదటినుంచీ వేస్తున్న బెర్నార్డ్ లీ ఆ సంవత్సరం జనవరిలో చనిపోయాడు, ఆయన మీద గౌరవంతో ఇంకొకరిని పెట్టకుండా వదిలేశారు. ఎం సెలవులో ఉన్నాడని చెబుతారు. ఆర్డర్ వేసే మనిషి సెలవులో ఉండగా కథ నడిచిపోతుంది! సినిమావాళ్లు నీతిని కావాలని తీసేస్తారని నా కోపం. ఇక్కడ దానికి కారణం ఒక మంచి ముసలి నటుడి చావు. దానికేమంటాం? పగ తీర్చుకోవాలనుకుంటే రెండు గోతులు తవ్వమని ఒక చైనా సామెత మాత్రం బాండ్ నోట హీరోయిన్‌కి చెప్పిస్తారు. కథలో ప్రశ్నగా ఉన్నది సినిమాలో సూక్తి అయింది.

*

ఇక నా సంగతి.

కోవిడ్ రోజుల్లో నేను లేపాక్షి నుంచే పనిచేశాను. అప్పటి నా కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఉద్యోగులు ఇంట్లో నిజంగా పనిచేస్తున్నారా అని పైవాళ్లకి అనుమానం వచ్చింది. మా టీమ్‌కి ఒక టూల్ రాసే పని వచ్చింది. ల్యాప్‌టాప్‌లో నిశ్శబ్దంగా కూర్చుంటుంది, కీబోర్డు మీద ఎన్ని నొక్కులు పడ్డాయో లెక్కపెడుతుంది, మౌస్ ఎంతసేపు కదల్లేదో చూస్తుంది, అప్పుడప్పుడూ స్క్రీన్ ఫోటో తీస్తుంది. వేగు అంటే ఇంతకంటే ఏముంటుంది? కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సన్యాసి వేషం, వర్తకుడి వేషం, విద్యార్థి వేషం అని రకరకాల చారుల్ని చెప్పాడు. నాది సిస్టమ్ అప్‌డేట్ వేషం.

ఎన్ని నిమిషాలు కదలకపోతే మనిషి పేరు ఎర్రగా మారాలి అన్నది తేలలేదు. మా మేనేజర్ చెడ్డవాడు కాదు. ఒక సాయంత్రం కాల్ చేసి, "నీకేమనిపిస్తోంది? 15 నిమిషాలంటే ఓకేనా? మరీ ఎక్కువైపోతుందా?" అని అడిగాడు. ఆయన గొంతులో ఇబ్బంది నాకు వినిపించింది. పైనుంచి ఒత్తిడి ఉంది, ఆయన దాన్ని తన నోటితో అనలేకపోతున్నాడు. నేను "ఓకే సర్, 15 రీజనబులే" అన్నాను. అలా అంటే ఆయనకి తేలికవుతుందని తెలిసే అన్నాను.

కోడ్‌లో అది ఒక్క లైను. పేరు, ఈక్వల్ టు, పదిహేను.

రెండు నెలలకి ఒక లిస్టు తయారైంది. కొందర్ని పంపించేశారు. అందులో ఒకతను నాకు తెలిసినవాడు, క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర తిన్నవాళ్లం. ఆ నెల వాళ్ల నాన్నకి బాగోలేదట, ల్యాప్‌టాప్ ముందు కూర్చోలేకపోయాడు. సెలవు పెట్టొచ్చు కదా అంటే, సెలవులు అప్పటికే అయిపోయాయి.

నేను బాధపడ్డాను. అబద్ధం ఆడటం లేదు, నిజంగానే నిద్ర పట్టలేదు. ఇలాంటి సందర్భాలకి మినహాయింపు పెట్టాలని ఒక టికెట్ కూడా రాశాను. దాన్ని ఎవరో తక్కువ ప్రాధాన్యం అని గుర్తుపెట్టి మూసేశారు. తర్వాత జీతం పడింది, ఆ ఏడాది రేటింగ్ బాగా వచ్చింది, ఆ డబ్బుతోనే చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకాలు కొనుక్కున్నాను.

మయామీలో బాండ్ చెయ్యి నలుపుకునే పేజీలు మళ్లీ తీసింది అప్పుడే. ఈసారి వేరేగా కనిపించాయి. ఆ చాప్టర్లో బాండ్ బాధపడుతున్నాడు, సరే. కానీ చచ్చినవాడి గురించి ఏమనుకుంటున్నాడో చూడండి. వాడొక చవకరకం మెక్సికన్, కాసిని డబ్బులకి ప్రాణాలు తీసేవాడు, అలాంటివాడు పోతే లోకానికేం నష్టం అన్న ధోరణి. వాడికి తల్లి ఉందేమో, ఊరుందేమో అన్న ఆలోచనకి చోటు లేదు. బాధ అంతా బాండ్‌ది, బాండ్ కోసమే. రెండు గ్లాసులు దిగేసరికి అదీ తగ్గుతుంది, ఒక కోటీశ్వరుడు పలకరిస్తాడు, పీతల డిన్నర్‌కి వెళ్తారు. నేను చెయ్యి వాచిందనే చూశాను తప్ప ఆ వాపు ఎంతసేపు ఉందో చూడలేదు.

*

ఈ గొడవంతా ఒకసారి మామకి చెప్పాను. పండక్కి వెళ్లినప్పుడు, షెడ్డు బయట. ఆయన ఫోన్లో గూఢచారి 116 పెట్టుకుని చూస్తున్నాడు. బాండ్ గురించి, చెయ్యి గురించి, పుస్తకంలో ఇలా, సినిమాలో అలా అని చెప్పుకొచ్చాను. అంతా విని ఆయన అన్నది ఇదీ:

"అల్లుడా, నీ పుస్తకంలోవోడు సంపి ఏడుస్తాడు. మా కృష్ణ సంపి పాట పాడతాడు. సచ్చినోడికి రెండూ ఒగటే కదప్పా."

"అట్లా కాదు మామా, బాధపడేవాడు ఇంకోసారి చెయ్యడానికి ఆలోచిస్తాడు గదా?"

"ఎన్ని పుస్తకాలు రాసినాడన్నావు ఆయప్ప?"

"నవలలు పన్నెండు. కథలు వేరే."

"పన్నెండిట్లోనూ సంపుతానే ఉన్నాడా, ల్యాదా?"

జవాబు చెప్పలేకపోయాను. కాసేపాగి ఆయనే తన సంగతి తీశాడు. గూళ్లు కట్టాక వాటిని హిందూపురం మార్కెట్‌కి తీసుకెళ్తాడు, రీలర్లు పాడుకుంటారు. లోపల పురుగు బతికే ఉంటుంది. దారం తెగకుండా రావాలంటే అది సీతాకోకచిలుకై బయటికి రాకముందే చంపాలి, ఆవిరి పెడతారు, వేడినీళ్లలో ఉడకేస్తారు. ఆ దారం ధర్మవరం వెళ్లి చీరవుతుంది, పెళ్లిలో ఎవరో కట్టుకుంటారు. "నేను సాకుతా. ఉడకేసేది ఇంగొకడు. కట్టుకునేది ఇంగొకరు. ఎవురికి పాపం?" అని, నేను నోరు తెరవబోయేలోపు, "నాకూ తెల్దులే. రాత్రి ఆకెయ్యాల, లెయ్యి" అన్నాడు.

మామ వాదనకి నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ. బాధకీ పాటకీ తేడా లేదంటే మన లోపల జరిగేదానికి విలువే లేదని అర్థం. నవల అనే ప్రక్రియే దండగని అర్థం. కానీ బాధపడటాన్ని నేను ఒక పన్నులాగా వాడుకుంటున్నానని, అది కట్టేసి రసీదు జేబులో పెట్టుకుంటున్నానని ఆయన మాట వల్లే తెలిసింది.

అందుకని బాధ పనిలోకి దిగిన చోటు ఎక్కడన్నా ఉందా అని వెతికాను. ఒక్కటి దొరికింది. 'ది లివింగ్ డేలైట్స్' కథ, ఫ్లెమింగ్ చనిపోయాక 1966లో పుస్తకంగా వచ్చింది. బెర్లిన్ సరిహద్దు దాటి వస్తున్న ఒక ఇంగ్లీషు ఏజెంట్‌ని చంపడానికి అవతలివాళ్లు స్నైపర్ని పెట్టారు. ఆ స్నైపర్ని ముందే చంపడం బాండ్ పని. మూడు రాత్రులు కిటికీ దగ్గర కాపు కాస్తాడు. రోజూ ఒక వాద్యబృందం అటు వెళ్తుంటుంది, అందులో సెల్లో మోసుకెళ్లే అమ్మాయి మీద మనసు పడుతుంది. చివరి రాత్రి తుపాకీ దూరదర్శినిలో చూస్తే స్నైపర్ ఆ అమ్మాయే. బాండ్ గురి మార్చి ఆమెని చంపకుండా తుపాకీ మీద కొడతాడు. పక్కనున్న అధికారి రిపోర్టు చేస్తానంటాడు. చేసుకో, ఈ ఉద్యోగం పోతే పోనీ అన్నట్టు మాట్లాడతాడు బాండ్.

1987లో టిమోతీ డాల్టన్‌తో తీసిన సినిమాలో ఈ సీన్ దాదాపు అలాగే ఉంది. పుస్తకానికి ఇంత దగ్గరగా వచ్చిన సీన్లు ఆ సినిమాల్లో తక్కువ. కానీ ఒక చిన్న మార్పు చేశారు. సినిమాలో ఆ అమ్మాయి నిజమైన స్నైపర్ కాదు. ఆమెకి తుపాకీ పట్టుకోవడం రాదని బాండ్ కనిపెట్టాడు కాబట్టి చంపలేదు, తర్వాత ఆమె అమాయకురాలని తేలుతుంది. అంటే బాండ్ జాలి చూపడం సరైన లెక్క కూడా అయింది. కథలో అలా కాదు. ఆమె నిజంగానే హంతకి, ఆరితేరిన మనిషి. బాండ్ ఆమెని వదిలేస్తే మన ఏజెంట్ చచ్చిపోయి ఉండొచ్చు. లెక్క ప్రకారం బాండ్ చేసింది తప్పు పని. తప్పని తెలిసే చేశాడు, మూల్యం తనే కడతానన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. నేను వెతుకుతున్న తేడా చెయ్యి వాచిందా లేదా అన్నది కాదు. 'కాసినో రాయల్'లో కూడా ఇదే జరుగుతుంది. నవలలో (1953) చిత్రహింసల తర్వాత ఆస్పత్రిలో పడుకుని బాండ్ రాజీనామా చేస్తానంటాడు. తను చంపినవాళ్లు చెడ్డవాళ్లని, తను మంచివాడని ఎవరు తేల్చారు అన్నది అతని సందేహం. ఫ్రెంచి మిత్రుడు మాథిస్ నవ్వేసి, సిద్ధాంతాల కోసం కాదు, మనుషుల కోసం కొట్లాడమని చెప్పి పోతాడు. 2006 సినిమాలోనూ రాజీనామా ఉంది, ఈమెయిల్‌లో. కాకపోతే అక్కడ ప్రేమలో పడ్డాడు కాబట్టి మానేస్తున్నాడు. సినిమా ప్రతిసారీ మనిషికి ఒక మంచి కారణం ఇస్తుంది. ఆ అమ్మాయి అమాయకురాలు, ఈ అమ్మాయిని ప్రేమించాను, వాడు మరీ దుర్మార్గుడు. పుస్తకం, దాని మంచి పేజీల్లో, ఆ కారణాన్ని లాగేస్తుంది.

2018లో వచ్చిన మన 'గూఢచారి' దీనికి చాలా దగ్గరగా వెళ్లి ఆగిపోయింది. ఆ సినిమా అంటే నాకు ఇష్టం. తక్కువ డబ్బుతో, శ్రద్ధగా తీశారు. అడివి శేష్ పాత్ర పేరు గోపి, నంబరు 116, కృష్ణకి దండం పెట్టినట్టు. సంస్థ పేరు త్రినేత్ర. దేశం కోసం చనిపోయాడనుకున్న తండ్రే అవతలివైపు ఉన్నాడని చివర్లో తెలుస్తుంది. ఎంత పెద్ద ప్రశ్న అది! కౌటిల్యుడు విషం పెట్టే చారుల్ని రసదులన్నాడు. ఆ పనికి ఎలాంటివాళ్లు కావాలో కూడా రాశాడు: బంధువుల మీద ప్రేమ లేనివాళ్లు, క్రూరులు, సోమరులు. రాజ్యానికి అలాంటివాడే కావాలని రెండువేల ఏళ్ల కిందటే దాచకుండా చెప్పాడు. మరి తండ్రి మీద ప్రేమతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చిన గోపి ఏం చెయ్యాలి? సినిమా ఆ తండ్రిని ఎంత చెడ్డవాణ్ణి చేస్తుందంటే, ఇక ఆలోచించాల్సిన పని ఉండదు. మంచి కారణం దొరికిపోయింది. జగపతిబాబు పాత్ర కొంచెమైనా సమంజసంగా మాట్లాడి ఉంటే థియేటర్లో మన పరిస్థితి ఏమయ్యేదో!

*

మా గుడికి వచ్చిన ప్రతివాళ్లకీ గైడ్లు ఒక గోడ చూపిస్తారు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా డబ్బుతో ఈ గుడి కట్టించాడని, రాజుకి తెలిసి కళ్లు తీయించమన్నాడని, ఆ శిక్ష ఇంకొకరు వెయ్యకముందే తనే కళ్లు పెరికి గోడకి కొట్టాడని ఐతిహ్యం. రెండు ఎర్రటి మరకలు ఉంటాయి. లేపాక్షి పేరు దాన్నుంచే వచ్చిందని కొందరు, రాముడు జటాయువుని 'లే పక్షీ' అన్నాడు కాబట్టి వచ్చిందని ఇంకొందరు. కళ్యాణమండపం మాత్రం సగంలోనే ఆగిపోయి ఉంది, అది కళ్ల ముందు కనిపించే నిజం.

చిన్నప్పటినుంచీ ఆ కథలో విరుపణ్ణ గురించే ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు వేరేవాడు గుర్తొస్తున్నాడు. రాజుకి ఎవరో చెప్పి ఉంటారు కదా? రాజుని చారచక్షువు అంటారు, చారులే కళ్లు అయినవాడని. అంటే విరుపణ్ణ కళ్లు పోవడానికి రాజుగారి ఒక కన్ను పనిచేసింది. అతను అబద్ధం చెప్పి ఉండడు. ఖర్చు ఖర్చే, లెక్క లెక్కే. తన పని తను చేసి ఇంటికెళ్లి అన్నం తిని ఉంటాడు. ఆ మరకల గురించి విని బాధపడ్డాడేమో కూడా. కథలో అతనికి పేరు లేదు.

మా వృత్తిలో ఆ సౌకర్యం లేదు. కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారో చూపించే ఆజ్ఞ ఒకటుంది, దాని పేరే గిట్ బ్లేమ్. పదిహేను అన్న ఆ లైను పక్కన నా పేరు, తేదీ, టైముతో సహా, ఎప్పటికీ ఉంటుంది. నేను ఆ కంపెనీ మానేసి ఏడాదిన్నర అయింది. ఈ వ్యాసం మొదటిసారి సగంలో వదిలేసినప్పుడు, ఆ క్యాంటీన్ స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ఆ టూల్‌లో ఆ లైను నేనే రాశానని, మేనేజర్ అడిగితే ఓకే అన్నది కూడా నేనేనని. క్షమించమని అడగాలా వద్దా అని చాలాసేపు చూసి, ఆ మాట తీసేసి పంపాను. అడిగితే అతను పర్లేదనాల్సి వస్తుంది. మళ్లీ నాకు తేలిక చెయ్యడం అతని పని అవుతుంది.

రెండు రోజులకి జవాబు వచ్చింది. "తెలుసు బ్రో. వెళ్లిపోయే ముందు కమిట్స్ చూశా. నాన్న ఆ డిసెంబర్‌లోనే పోయారు." దాని కింద ఇంకో మెసేజ్: "మీ దగ్గర బ్యాకెండ్ ఓపెనింగ్స్ ఉంటే చెప్పు."

రెజ్యూమె పంపించాడు. ఫార్వర్డ్ చేశాను. ఇంటర్వ్యూ ప్యానెల్లో నన్ను కూడా వేస్తామన్నారు, వద్దని చెప్పాను. ఎందుకని అడిగితే ఇంకా ఏమీ రాయలేదు.